ఎమ్మెల్యేను దేన్నిబట్టి అంచనా వేయాలి: సభలో ఓటా, ప్రశ్నా, కలెక్టరేట్ హాజరా?

పౌర హక్కుల విషయంలో మన ఎమ్మెల్యే ఎటు నిలబడ్డారో ఎలా తెలుసుకోవాలని తిరుపతి, చిత్తూరు మిత్రులు తరచూ అడుగుతున్నారు. ఓటింగ్ రికార్డు చూస్తే సరిపోదా అంటారు.

సరిపోదు. మన శాసనసభలో బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతోనే, అంటే నోటితో ఔను, కాదు అనడంతోనే గట్టెక్కుతాయి. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ (ఓట్ల లెక్కింపు) జరిపిస్తే తప్ప ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో రికార్డుకెక్కదు. డివిజన్ జరిగినా, ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశాన్ని, అంటే విప్‌ను ధిక్కరిస్తే, రాజ్యాంగంలో 1985లో చేరిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద పదవికే ఎసరు. ఇక ఆ ఓటులో మనిషి మనసు ఎక్కడ కనిపిస్తుంది? మహిళలపై నేరాల విషయంలో 2019 డిసెంబరులో సభ ఆమోదించిన దిశ బిల్లు 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ ముగించాలంది. ఈ తొందరలో నిందితుడి వాదనకు చోటుంటుందా అన్న సందేహం ఎవరికి కలిగిందో ఓటు చెప్పదు.

పైగా స్వేచ్ఛకు సంకెళ్లు బిల్లుల రూపంలోనే రావు. రోడ్లపై సభలను, ర్యాలీలను కట్టడి చేసిన 2023 జనవరి నాటి జీవో 1పై సభలో ఓటింగే లేదు. దాన్ని అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టివేసింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది తమిళనాడు కూలీలు బలైనప్పుడు సభ్యుడి చేతిలో ఉండే ముఖ్యమైన ఆయుధం ప్రశ్న. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలోనే జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. కానీ మంత్రులు ప్రశ్నలు వేయరు, అధికార పక్షం వారు ఇరుకున పెట్టేవి అడగడం అరుదు. అందుకే ఇదీ సగం కొలతే.

నా మొగ్గు మూడోదానికే, అంటే కలెక్టరేట్ హాజరుకే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు (1995) ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. జిల్లా ఎమ్మెల్యేలు అందులో సభ్యులు. సత్యవేడు, పూతలపట్టు, గంగాధర నెల్లూరు వంటి రిజర్వుడు స్థానాల వారికే కాదు, తిరుపతి, చిత్తూరు ఎమ్మెల్యేలకూ అంతే బాధ్యత ఉంది. అక్కడ విప్ ఉండదు. ఫలానా ఊరి కేసులో 60 రోజుల్లో ఛార్జిషీటు వేశారా, పరిహారం మొదటి విడత బాధితుడి చేతికందిందా అన్నదే మాట. అడగాలనుకున్న ఎమ్మెల్యేకు అడ్డు చెప్పేవారు లేరు.

ఆ కమిటీ సమావేశాల మినిట్స్ (చర్చల నమోదు) తెప్పించుకుని ముందు హాజరు పట్టీ చూడండి. సంతకం ఎమ్మెల్యేదా, పీఏదా? తప్పుడు కేసంటూ మూసేసిన ఫిర్యాదుల గురించి నోరు విప్పారా? పోయినసారి అడిగిన కేసు ఏమైందని ఈసారీ నిలదీశారా? ఒకే కేసును వదలకుండా పట్టుకున్నవారిని నేను నమ్ముతాను.

ఎన్నికల అఫిడవిట్‌లో అభ్యర్థిపై ఉన్న కేసులు తెలుస్తాయి, అంతవరకే. ఫేస్‌బుక్ ప్రకటనలను లెక్కలోకి తీసుకోను.

సమాచార హక్కు దరఖాస్తును జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయానికి పంపండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు నాటి మినిట్స్ కావాలంటే తిరుపతి, చంద్రగిరి, సత్యవేడు వాళ్లు చిత్తూరుకు, సూళ్లూరుపేట వాళ్లు నెల్లూరుకు రాయాలి.