పడక పక్కన బోధనా, తల్లుల బృంద తరగతా?

నెలలు నిండకుండా, అంటే 37 వారాలకు ముందే, పుట్టిన శిశువు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తల్లికి నేర్పవలసిన విషయాలను నర్సు పడక పక్కనే విడిగా చెప్పవచ్చు, లేదా తల్లులందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పవచ్చు.

చేతులతో చేయవలసిన పనుల్లో మొదటి పద్ధతికి సాటి లేదు. కంగారూ సంరక్షణలో డైపరు, టోపీ మాత్రమే ఉన్న బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిటారుగా ఆనించి, ఊపిరికి అడ్డు రాకుండా మెడను సరిచేసి, ట్యూబులు లాగకుండా గుడ్డతో కట్టడం బొమ్మ మీద చూసినంత మాత్రాన రాదు. నర్సు తోడుండగా తన బిడ్డతో చేస్తేనే భయం పోతుంది. పాలు పట్టడమూ అంతే. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం సమన్వయం చేసుకునే శక్తి సాధారణంగా గర్భం లెక్కన 32–34 వారాల ప్రాంతంలో వస్తుంది కనుక, ఏ బిడ్డకు ట్యూబు, ఏ బిడ్డకు రొమ్ము అన్నది అందరికీ కలిపి చెప్పే మాట కాదు. అందుకే తొలి రోజుల్లో నేను ఈ పద్ధతి వైపే మొగ్గుతాను. అయితే రాత్రి షిఫ్టు నర్సు మాట, పగటి నర్సు మాట పొసగకపోతే తల్లి మరింత కలవరపడుతుంది.

చేతుల శుభ్రత, రోజుకు కనీసం 8 సార్లు పాలు పిండడం, ఇంటికి వెళ్లాక గమనించవలసిన ప్రమాద సూచనలు వంటివి తరగతిలో అందరికీ ఒకే మాటగా చెప్పవచ్చు. ఏ పాఠ్యప్రణాళికలోనూ కనిపించని మేలు మరొకటి ఉంది: ముందే కాన్పవడం తన తప్పేనేమోనని కుమిలిపోయే తల్లికి, అదే ప్రశ్న పక్కామె నోట విన్నప్పుడు, నర్సు ఎన్నిసార్లు చెప్పినా కలగని ఊరట కలగవచ్చు. కానీ బిడ్డ పరిస్థితి విషమంగా ఉన్న తల్లికి ఇతరుల బిడ్డల బరువు పెరిగిన కబుర్లు బాధ కలిగిస్తాయి; ఆమెను తరగతికి బలవంతం చేయరాదు.