యూఎస్‌బీ క్యాసెట్ కన్వర్టర్ రివ్యూ: మీవారి గొంతు పాటల మధ్యలో ఉంటుంది

పగలంతా మెడికల్ రిప్రజెంటేటివ్‌గానో, ఫ్యాన్ల కంపెనీ సేల్స్‌లోనో తిరిగి, సాయంత్రానికి ఆర్కెస్ట్రా మేనేజరు అవతారమెత్తిన మనుషులు మన ఊళ్లలో చాలామందే ఉండేవారు. 1980, 90ల్లో వినాయక చవితి పందిళ్లకీ పెళ్లి రిసెప్షన్లకీ పార్టీని కుదిర్చి, అడ్వాన్సు పుచ్చుకుని, గాయకుల్ని వ్యాను ఎక్కించింది వాళ్లే. అలాంటాయన పోయాక ఇంట్లో ఓ అట్టపెట్టెడు క్యాసెట్లు మిగులుతాయి. వాటిని పెట్టి వినడానికి టేప్‌రికార్డరు మాత్రం ఉండదు. క్యాసెట్టులోని శబ్దాన్ని కంప్యూటర్ ఫైలుగా మార్చే వాక్‌మన్ సైజు కన్వర్టరు ఆన్‌లైన్‌లో రెండు వేలకి అటూ ఇటూగా దొరుకుతుంది. ఈ పనికి అది సరిపోతుందా?

మాటకి సరిపోతుంది. పాటకి చాలదు. మోటారు చిన్నది, చక్రం తేలిక, అందుకే సాగదీసిన స్వరం దగ్గర వణుకు తెలిసిపోతుంది. అయితే మేనేజరు పాడడు కదా. ఆయన గొంతు వినబడేది పాటకీ పాటకీ మధ్య: మైకు టెస్టింగులో, 'కీబోర్డు కొంచెం తగ్గించమ్మా' అన్న చోట, వేదిక మీదికి పెద్దల్ని పిలిచిన చోట. కన్వర్టర్ల అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది. నిశ్శబ్దం రాగానే పాటని ముక్కగా కోసి పెట్టే 'ఆటో స్ప్లిట్' కొన్ని మోడళ్లలో ముందే ఆన్ అయి ఉంటుంది. మైకుకి దూరంగా అన్న మాటల్ని అది ఖాళీగా లెక్కగట్టి వదిలేస్తుంది. పెట్టె విప్పగానే దాన్ని ఆఫ్ చేయండి. ఆఫ్ చేసే వీలు లేని మోడల్ అయితే వెనక్కి ఇచ్చేయండి.

నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎంపీ3 చేసే రకం కన్నా ల్యాప్‌టాప్‌కి తగిలించే రకమే నయం. శబ్దం రికార్డు చేసి దిద్దుకునే సాఫ్ట్‌వేర్ అడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. రికార్డింగ్ పరికరంగా యూఎస్‌బీని ఎంచుకుని, 44,100 హెర్ట్జ్, స్టీరియో పెట్టి, ఫైలు వావ్ (WAV)గా దాచండి. నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే గంటసేపు నడిచే ఒక సీ-60 క్యాసెట్టుకి 600 ఎంబీ. నలభై క్యాసెట్లయినా 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి. రికార్డింగ్ లెవెల్ పాటకి సరిచూసి వదిలేయకండి, చప్పట్లకి చూడండి. చప్పట్ల దగ్గర మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకపోతే శబ్దం ఇక దాదాపు ఎక్కడా పగలదు. బ్యాటరీల మీద నడపొద్దు. అవి నీరసించే కొద్దీ వేగం తగ్గి, గొంతు బరువెక్కి, ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టుంటుంది.

వేగం మీద అనుమానముంటే కీబోర్డు ఒంటరిగా మోగిన చోట ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి చూడండి. అర స్వరస్థానం తేడా ఉంటే వేగం సుమారు 3 శాతం తప్పినట్టు. అడాసిటీలో 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్'తో (పాత వెర్షన్లలో 'చేంజ్ స్పీడ్') సరిచేయొచ్చు. పిచ్ ఒక్కటే మార్చే ఆప్షన్ జోలికి పోవద్దు.

గొంతు దుప్పటి కప్పుకున్నట్టు మందంగా వస్తోందంటే హెడ్ (టేపుని చదివే భాగం) ఒరిగి ఉండొచ్చు. హెడ్ పక్కనే చిన్న స్క్రూ ఉంటుంది. పావు చుట్టు కూడా అక్కర్లేదు, వెంట్రుకవాసి కదిపితే చాలు. 'స', 'శ', 'చ' అక్షరాలు విడివిడిగా తేటగా పలికే చోట ఆపండి. ఆ కాలపు చిన్న టేప్‌రికార్డర్లు చాలావరకు మోనో. కాబట్టి రెండు చానళ్లలో ఏది బాగుంటే అదొక్కటే ఉంచుకోండి. హెడ్ ఒరిగి ఉండగా రెండూ కలిపితే ఆ హల్లులే మాయమవుతాయి.

యంత్రం కన్నా క్యాసెట్టే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముందు కిటికీలోంచి రీలు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే కన్వర్టరులో పెట్టకండి, హెడ్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్టుకీ పాకుతుంది. కాకినాడ, విశాఖ గాలికి ఇది మామూలే. టేపు వదులుగా ఉంటే ఆరు పలకలున్న చెక్క పెన్సిలు దూర్చి తిప్పి బిగించండి. కింద మధ్యలో ఉండే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం వచ్చిపోతుంటుంది. స్క్రూలున్న వేరే క్యాసెట్టు డొల్లలోకి రీలు మార్చడమే దానికి మందు. సీ-90 టేపు సీ-60 కన్నా పల్చన. ఈ చిన్న మోటారు మీద దాన్ని ముందుకీ వెనక్కీ పరిగెత్తించకండి. నాలుగైదు క్యాసెట్లకోసారి హెడ్‌నీ, రబ్బరు చక్రాన్నీ దూది పుల్లతో తుడవాలి. హెడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రబ్బరుకి తడి చాలు.

కంపెనీ లేబుల్ ఉందని ఏ క్యాసెట్టునీ పక్కన పడేయకండి. సేల్స్ మీటింగుల్లో పంచిన శిక్షణ క్యాసెట్ల మీద కచేరీలు రికార్డు చేసుకోవడం అప్పట్లో మామూలు పొదుపు. పైఅంచున విరిచిన నాలిక చోట సెల్లోటేపు అంటించి ఉందంటే దాని మీద మళ్లీ రికార్డు చేశారనే. డిక్టాఫోన్‌లో వాడే మైక్రో క్యాసెట్లు మాత్రం ఇందులో పట్టవు, వాటికి ఆ యంత్రమే కావాలి. లోపలి అట్ట మీద ఆయన రాతలో ఊరు, తేదీ, ఎవరి పార్టీ, ఎంత బయానా అని ఉంటే రికార్డింగుకి ముందే ఫొటో తీసి, అదే నంబరు ఫైలుకీ పెట్టండి.

ఇదంతా మనవల్ల కాదు, షాపుకి ఇద్దాం అనుకుంటే రసీదు మీద ఇలా రాయించండి: ఎక్కడా కత్తిరించొద్దు, హిస్ (టేపు రొద) తీసేయొద్దు, రెండు వైపులా చివరిదాకా రికార్డు చేయాలి, క్యాసెట్లు వాపసు ఇవ్వాలి. 'క్లీన్ చేసి ఇస్తాం' అనే షాపుల్లో నాయిస్ రిడక్షన్ అతిగా వేసి, దూరపు మాటల్ని నీళ్లలోంచి వచ్చినట్టు చేస్తారు. శుభ్రం చేయించుకున్నా ముడి ఫైలు కూడా అడిగి తీసుకోండి.

నా మార్కులు: మాటకి 5కి 3, పాటకి 1. నాలుగైదు క్యాసెట్లుంటే కొనొచ్చు. ఇరవై దాటితే తెలిసినవాళ్ల దగ్గర పాత పెద్ద క్యాసెట్ డెక్ రెండు వారాలు అడిగి తెచ్చుకోవడం మేలు. ఏది వాడినా, బీ వైపు చివరి పాట అవగానే స్టాప్ నొక్కకండి. సామాన్లు సర్దుతూ, వాయిద్యాల వాళ్లకి లెక్క చెబుతూ ఉండగా రికార్డరు నడుస్తూనే ఉండిపోయిన క్యాసెట్లు చాలా ఉంటాయి.