పాత కారును సొంతంగా బాగుచేసుకునేవారికి విజయవాడ ఆటోనగర్

పాత కారు కొని, దాని పోషణ సొంతంగా చూసుకోవాలనుకునేవారికి విజయవాడ ఆటోనగర్ వంటి చోటు దగ్గరలో ఉండటం నిజంగా పెద్ద అండ. సరుకు చవకగా వస్తుందన్న ఆశతో మాత్రమే వెళ్లేవారికి ఈ మాట చెప్పను. కంపెనీ ప్యాకెట్టు మీద ముద్రించిన ధరలో కొంత తగ్గిస్తారు, అంతే. విప్పిన పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్లి కౌంటరు మీద పెట్టి, కొత్తదాన్ని దాని పక్కన ఉంచి పోల్చి చూసుకునే వీలు అక్కడ ఉంది. ఇంట్లో ఎన్ని పానాలు ఉన్నా చేయలేని పనిని, అంటే వీల్ బేరింగును ప్రెస్సులో ఎక్కించడం, బ్రేక్ డ్రమ్మును లేత్ అనే కోత యంత్రం మీద పట్టించడం వంటివాటిని, ఆ ఒక్క పని వరకే కూలి ఇచ్చి చేయించుకునే వీలూ ఉంది. నా పాత మారుతి ఆల్టో పనుల కోసం నేను అక్కడికి వెళ్లేది ఈ రెంటి కోసమే. ఈ సమీక్ష కూడా ఆ దృష్టితోనే రాస్తున్నాను.

బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద పటమట, కానూరు వైపు వెళితే ఆటోనగర్ వస్తుంది. మొదటిసారి వెళ్లినవారు కొంత తికమకపడటం సహజం, ఎందుకంటే అక్కడ ప్రధానంగా కనిపించేది లారీల ప్రపంచం. బాడీలు కట్టే షెడ్లు, కమాను పట్టీల కొట్లు, టైర్ల దుకాణాలు, ట్రాక్టరు సామాను దాటుకుంటూ వెళ్లాలి. కారు సామాను అమ్మే దుకాణాలు ఎటువైపు ఉన్నాయో లోపలికి వెళ్లగానే అడిగితే ఎవరైనా చెబుతారు. చాలా దుకాణాలు ఆదివారం మూసి ఉంటాయి కాబట్టి, సెలవు రోజున బండి విప్పి పెట్టుకుని సామాను కోసం బయలుదేరేవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి. అవసరమైన సామాను శనివారం నాటికే తెచ్చి పెట్టుకోవడం మంచిది.

కౌంటరు దగ్గర మనిషికి కావలసింది కచ్చితమైన వివరం. ఆల్టో అనగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎనిమిదొందలా, కే10ఆ?" అని. 796 సీసీ ఆల్టోకూ, 2010లో వచ్చిన 998 సీసీ కే10కూ రెంటికీ మూడేసి సిలిండర్లే అయినా ఇంజన్లు వేరు. వ్యాగన్ఆర్‌లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పాత 1061 సీసీ ఇంజనుకు నాలుగు సిలిండర్లు, టైమింగ్ బెల్టు (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే పళ్ల పట్టీ) ఉంటాయి. 2010లో వచ్చిన కే సిరీస్ ఇంజనుకు మూడు సిలిండర్లు, బెల్టుకు బదులు టైమింగ్ చైను ఉంటాయి. అందువల్ల ఆర్సీ ఫొటో, ఛాసిస్ నంబరు, వీలైతే పార్టు నంబరు ఫోనులో సిద్ధంగా పెట్టుకుని వెళ్లాలి. నంబరు చెప్పిన కొనుగోలుదారుతో అక్కడివారు మాట్లాడే తీరే మారిపోతుంది. అప్పటిదాకా కాలిపర్ బూటు (డిస్క్ బ్రేకులో ఉండే చిన్న రబ్బరు తొడుగు) అడిగితే సెట్టు మొత్తం తీసి చూపించే కుర్రాడు, నంబరు వినగానే లోపలి అరలోంచి సరిగ్గా ఆ చిన్న ప్యాకెట్టే తీసుకొస్తాడు.

సెట్టు మొత్తం అంటగట్టే అలవాటు మాత్రం అక్కడ గట్టిగానే ఉంది, దీన్ని నేను లోపంగానే లెక్కిస్తాను. ముందు చక్రాలకు శక్తిని అందించే యాక్సిల్ చివర ఉండే రబ్బరు బూటు చిరిగితే, లోపలి నల్లటి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి కనిపిస్తుంది. స్టీరింగును పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడిపినప్పుడు టకటకమనే చప్పుడు రాకపోతే, బూటు లోపలి కీలులోకి దుమ్ము, నీరు ఇంకా చేరలేదని భావించి, పాత గ్రీజు శుభ్రంగా తుడిచి, మాలిబ్డినమ్ కలిసిన కొత్త గ్రీజు పెట్టి బూటు మాత్రం మార్చుకుంటే సాధారణంగా సరిపోతుంది. బూటు, గ్రీజు, రెండు క్లిప్పులు కలిసిన కిట్టు విడిగానే దొరుకుతుంది. కానీ అడిగిన చోటల్లా మొదట యాక్సిల్ మొత్తం మార్చుకోమనే అంటారు. చప్పుడు లేదని, కిట్టే కావాలని రెండోసారి నిదానంగా చెబితే ఇస్తారు.

ఇక లేత్ పనివారి గురించి ఎంత చెప్పినా తక్కువే. నా కారు వెనుక డ్రమ్ములు బ్రేకు తొక్కినప్పుడల్లా పెడలు కింద వణుకు పుట్టిస్తుంటే, రెంటినీ విప్పి ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి వృద్ధ మేస్త్రి మొదట వాటిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, అంచు మీద పోతపోసిన అక్షరాలను వేలితో తడిమి చూశారు. చాలా డ్రమ్ముల మీద ఇంతకు మించి లోపలి వ్యాసం పెరగకూడదన్న గరిష్ఠ కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆయన లోపలి కాలిపర్‌తో రెండు మూడు చోట్ల అడ్డంగా కొలిచి, ఒక డ్రమ్మును పక్కకు తోసి, "బాబూ, ఇది ఇంక కోతకు రాదు. కొత్తది వేసుకో. రెండోదానికి పట్టు ఉంది కానీ ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి ఒకపక్కకు లాగుతుంది, రెండూ మార్చేయ్" అన్నారు. రెండింటినీ కోసి ఇచ్చి కూలి పుచ్చుకోవడం ఆయనకు పెద్ద పని కాదు. ఇంటి దగ్గర పని చేసుకునేవారికి ఇటువంటి మాట కొన్న భాగమంత విలువైనది, ఎందుకంటే మన దగ్గర ఆ కొలత తీసే సాధనమూ ఉండదు, ఇన్నేళ్ల చేతి అనుభవమూ ఉండదు.

అక్కడ వినవచ్చే సలహాలన్నీ ఇంత మేలైనవి కావు. విజయవాడ ఎండాకాలంలో ఇంజను వేడెక్కుతోందని చెబితే చాలాచోట్ల వినిపించే మాట, "థర్మోస్టాట్ తీసి పారేయండి సార్, చల్లగా ఉంటుంది" అని. ఈ సలహాను నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. థర్మోస్టాట్ అంటే ఇంజను వేడిని బట్టి రేడియేటరుకు నీటి దారిని తెరిచి మూసే వాల్వు, అది సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునేలా తయారవుతుంది. అది లేకపోతే ఇంజను ఉండవలసిన వేడికి చేరడానికి చాలా సమయం పడుతుంది, చిన్న దూరాలు తిరిగేవారికి అసలు చేరదు. దానివల్ల పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో తేమ మిగిలిపోతుంది. కొన్ని ఇంజన్లలో అదే థర్మోస్టాట్ వేడెక్కాక బైపాస్ దారిని కూడా మూస్తుంది కాబట్టి, దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటరుకు వెళ్లకుండానే తిరిగి ఇంజనులోకి వచ్చి, వేడి సమస్య మరింత ముదురుతుంది. ఇంజను వేడెక్కడానికి అసలు కారణం తరచుగా రేడియేటరు మూత సీలు పాడవడమో, రేడియేటరు గొట్టాల్లో పాచి పేరుకోవడమో, ఫ్యాను సమయానికి తిరగకపోవడమో అయి ఉంటుంది. అనుమానం ఉన్న థర్మోస్టాట్‌ను దారంతో కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి కాచి చూస్తే ఏ వేడికి తెరుచుకుంటుందో కళ్లారా తెలుస్తుంది. కుళాయి నీరు పోయడం మానేసి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోస్తే గొట్టాల్లో లవణాలు పేరుకోవు. కొన్ని డబ్బాలు కలిపి సిద్ధం చేసినవే వస్తాయి, వాటిలో మళ్లీ నీరు కలపకూడదు కాబట్టి లేబులు చదివి కొనాలి.

నకిలీ సరుకు బెడద ఉంది. పేరున్న కంపెనీ ముద్రతో ఒక దుకాణంలో నేను కొన్న బ్రేక్ షూల పెట్టె మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నాయి, హోలోగ్రామ్ కాగితం గోటితో గీకగానే మొత్తంగా ఊడి వచ్చింది, షూ కొన ఉండవలసిన గాడిలో కూర్చోలేదు. తిరిగి ఇవ్వబోతే, బిల్లు బదులు వారు రాసి ఇచ్చిన చిట్టీ చెల్లదన్నారు. బ్రేకుల విషయంలో ఇది క్షమించదగిన అలసత్వం కాదు. అందుకే జీఎస్టీ బిల్లు ఇవ్వని చోట బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్ సామాను కొనవద్దనే నా సూచన. 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. పాత ముద్రిత ధరతో ఉన్న నిల్వ సరుకు ఇంకా కనిపిస్తే, తగ్గిన పన్ను ప్రకారం బిల్లు వేశారో లేదో అడిగి చూసుకోవచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం మూత సీలు ఉన్న చిన్న డబ్బానే కొనాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం తాజా ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరిన ద్రవానికి ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. ఎప్పుడో తెరిచి మిగిల్చిన డబ్బాలో ద్రవాన్ని బ్రేకుల్లో పోయకూడదనడానికి కారణం ఇదే.

పాత బండ్ల నుంచి విప్పిన వాడిన సామాను కొనే విషయంలో నా అభిప్రాయం రెండు రకాలు. తలుపు, అద్దం, సీటు, డికీ మూత వంటివి నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆల్టర్నేటరు, స్టార్టరు, ఇంజన్ కంప్యూటరు, ఫ్యూజు పెట్టె అయితే తీసుకోను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అటువంటి బండి నుంచి తీసిన విద్యుత్ భాగం పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. కనెక్టరు లోపలి రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము, మూలల్లో సన్నటి బురద పొడి ఉంటే తప్ప పట్టుకోలేం. టార్చి వేసి పిన్నులు చూడనివ్వని దుకాణంలో అవి కొనవద్దు. విద్యుత్ సామాను ఒకసారి బయటికి వెళితే తిరిగి తీసుకోరన్నది అక్కడ దాదాపు అందరి నియమం.

ఇంటి దగ్గర చేసుకోదగ్గవి ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్యాటరీ, కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు, బూట్లు. టైమింగ్ బెల్టు మాత్రం గుర్తులు ఒక్క పన్ను తప్పినా ఇంజను కుదురుగా నడవదు కాబట్టి, మొదటిసారి తెలిసిన మేస్త్రి పక్కన ఉండగా చేయడమే క్షేమం. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే పనికొస్తుంది. కింద దూరాలంటే గట్టి నేల మీద రెండు జాక్ స్టాండ్లు తప్పనిసరి, వాటిని ఆటోనగర్‌లోనే బరువు సామర్థ్యం ముద్రించి ఉన్నవి చూసి కొనుక్కోవచ్చు. ఇటుకలు, చెక్క దుంగలు పెట్టి కింద దూరేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది.

ఆటోనగర్ వల్ల మరో మేలు తీసిన ఆయిల్‌ను వదిలించుకోవడం. నగరం మధ్యగా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పారుతున్నాయి, మురుగు కాలువలో పోసిన ఆయిలు చివరికి ఎక్కడికి చేరుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆయిలు మార్చే షెడ్లలో పాత ఆయిలు పోగుచేసే పీపాలు ఉంటాయి. మూత బిగించిన క్యానులో తీసుకెళ్లి అడిగితే అందులో పోసుకుంటారు. పాత ఫిల్టరును ఒక రాత్రంతా బోర్లించి వడకట్టి, ఆ ఆయిలు కూడా అదే క్యానులో కలిపి ఇవ్వండి. కూలెంట్ గాని బ్రేక్ ఫ్లూయిడ్ గాని అందులో కలపకండి, కలిస్తే వారు తీసుకోరు.