అరకులో 4,850, పాడేరులో 430

ఒకే బండి, ఒకే బ్రేకు డిస్కు. దానికి అరకులో 4,850 రూపాయలు అడిగారు, పాడేరులో 430 తీసుకున్నారు. మొదటి ధర చెప్పిన మనిషి మీద కోపం ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. లేకపోతే డిసెంబరులో అరకు గురించి కొత్తగా రాయడానికి ఏముంది?

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాకా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. నేనూ మా ఆవిడా ఒక బండి, మా బావమరిది తన 350 సీసీ బండి. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే కాఫీ తోటలు, వాటి నీడ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు మొదలయ్యాయి, అందరికీ హుషారు వచ్చింది. కథంతా బొర్రా గుహల దారిలో మొదలైంది. అక్కడ రోడ్డు మలుపులు తిరుగుతూ దిగుతుంది. బావమరిది ఆ దిగుడంతా పెద్ద గేరులోనే వదిలేసి, బ్రేకు మీదే బండిని నడిపించాడు. పార్కింగు దగ్గర వాహనాల వరుస. వాలులో బండి జారకుండా ముందు బ్రేకు లివర్ గట్టిగా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా దాకా మాడు వాసన వచ్చింది. గుహలు మాత్రం అద్భుతం. వాటి మీదుగానే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుందని తెలిశాక మా ఆవిడ పైకప్పు వంక అనుమానంగా చూస్తూ నడిచింది.

గాలికొండ దాటి అరకు వైపు దిగుతుండగా బావమరిది బండి పక్కకు తీశాడు. “బావా, బ్రేకు పడితే లివర్ వేళ్లకు తిరిగి కొడుతోంది” అన్నాడు. నేనూ నడిపి చూశాను. బండి ఆగుతోంది, కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ లివర్‌లో ఒక అదురు. అక్కడి నుంచి రెండో గేరులో మెల్లగా అరకు చేరాం.

ఇక లాడ్జి. శనివారం రేటు అంటూ గదికి 3,200 తీసుకున్నారు. వేడినీళ్లు కావాలంటే బకెట్టుకు 50, అదీ ఉదయం ఏడు లోపే. దుప్పటి ఎత్తి వాసన చూసిన మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. గది ఎంచింది తన తమ్ముడే అని గుర్తు చేయడం క్షేమం కాదని నేనూ ఊరుకున్నాను. మేనేజరు బ్రేకు సంగతి విని, తనకు తెలిసిన మెకానిక్కును పిలిపించాడు. ఆయన బండి ముందు వంగనైనా వంగలేదు. చక్రం తిప్పలేదు, కొలత తీయలేదు. “డిస్కు వంగిపోయింది సార్, మార్చాల్సిందే” అన్నాడు. డిస్కు 3,600, దాన్ని నొక్కి పట్టే ప్యాడ్లు 650, కూలి 600. డిస్కు విశాఖ నుంచి మర్నాటి సాయంత్రానికి వస్తుందట. అంటే అదే గదిలో ఇంకో రాత్రి, ఇంకో 3,200. మేనేజరు అప్పటికే రిజిస్టరు తెరిచాడు.

తెల్లారాక మరో సేవ. లాడ్జి కుర్రాళ్లు బండికి 120 తీసుకుని కడిగి మెరిపిస్తారట. మెరుపు దేనితో వస్తుందో చూద్దును కదా, స్ప్రే సీసాలో డీజిల్! బావమరిది సరేనన్నాడు. మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లు దిగివచ్చి, “చక్రాల దగ్గరికి ఆ సీసా తెచ్చావంటే ఊరుకోను” అంది. రాత్రి నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు. డీజిల్ చుక్కలు ప్యాడ్లలోకి ఇంకితే బ్రేకు పట్టు పోతుంది, ప్యాడ్లు పారేయడమే గతి. గొలుసుకు కొట్టే నూనె విషయంలోనూ ఇదే జాగ్రత్త. వెనుక డిస్కుకు అట్టముక్క అడ్డం పెట్టి కొట్టాలి.

పాడేరు దాకా నెమ్మదిగా పోయాం. అక్కడ రేకుల షెడ్డులో ఒక పెద్దాయన. ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం లేపాడు. చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు ఒక తీగ కట్టి, దాని కొన డిస్కుకు తగిలీ తగలనట్టు వంచి, చక్రం మెల్లగా తిప్పాడు. తీగకూ డిస్కుకూ మధ్య సందు ఎక్కడా మారలేదు. “వంగలేదు బాబూ” అన్నాడు. డిస్కు మీద అచ్చుగుద్దిన అంకె చూపించాడు: కనీస మందం 4.5 మిల్లీమీటర్లు. అలా మందం ముద్రించి ఉంటుందన్న సంగతే చాలామందికి తెలియదు. మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలిస్తే 4.8 దగ్గర ఉంది.

మరి అదురు ఎందుకు? కాగిన డిస్కును ప్యాడ్లతో బిగించి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోట అట్టు కట్టినట్టు అంటుకుంటుంది. ఆ మచ్చ ప్యాడ్ల కిందికి వచ్చినప్పుడల్లా లివర్ తంతుంది. ఇలాంటి మచ్చలను చూసి “వంగింది” అని అమ్మేసే డిస్కులు ఎన్నో! పైగా ప్యాడ్లను బిగించే క్యాలిపర్ జారే పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి, ఒక ప్యాడ్ వాలుగా అరిగింది.

ఆయన ప్యాడ్లు తీసి, గాజుపలక మీద పరిచిన గరుకు కాగితంపై రుద్ది చదును చేశాడు. డిస్కును నారపీచుతో అడ్డదిడ్డంగా రుద్ది, బ్రేకు క్లీనరుతో తుడిచాడు. పిన్నులకు సిలికాన్ గ్రీజు పెట్టాడు. బ్రేకు ఆయిల్ టీ రంగులో ఉంటే తీసేసి డాట్ 4 రకం కొత్త ఆయిల్ పోశాడు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. ఘాట్ దిగేటప్పుడు అది మరిగి బుడగలు కడితే లివర్ హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చుకోండి, బండి తిరిగినా తిరగకపోయినా.

బిల్లు: ఆయిల్ 180, కూలి 250. గ్రీజుకు తీసుకోలేదు. మా ఆవిడ ఆ షెడ్డు పక్క కొట్లోనే కాఫీ తాగి మళ్లీ నవ్వింది.

పనైపోయాక ఆయన బావమరిదికి చెప్పింది ఇదీ. ఖాళీ రోడ్డు మీద యాభై నుంచి పది దాకా వేగం తగ్గించు, పూర్తిగా ఆపకు, కాస్త చల్లారనిచ్చి మళ్లీ తగ్గించు. అలా పదిసార్లు చేస్తే ప్యాడ్లు డిస్కుకు సమంగా ఒదుగుతాయి. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగు, బ్రేకు పట్టి వదులుతూ ఉండు. కాగిన డిస్కు మీద నీళ్లు పోయకు. అరుగుదల తెలిపే ప్యాడ్ మీది గాడి చెరిగిపోయే దాకా ఆగకు, ఇనుము తేలిందంటే అది డిస్కునే తినేస్తుంది. బావమరిది తల ఊపాడు గానీ, మాట వినే ముఖం కాదది. లంబసింగి నుంచి నర్సీపట్నం దిగుతుంటే మాత్రం రెండో గేరు శబ్దం నా వెనకే వినిపించింది.

లంబసింగిలో గుడారానికి 1,500. చలి బాగుంది, భోజనం చప్పగా ఉంది. బొంగు చికెన్ అరకిలో 400, దానికి ఏ వంకా లేదు. అరకులో శని, ఆదివారాల్లో మాత్రం దిగకండి. పగలు చూసేసి పాడేరు వచ్చేయండి. బస్టాండు దగ్గర మేము దిగిన గది 1,100. వేడినీళ్లకు డబ్బు అడగలేదు.