సలేశ్వరం నుంచి కేదార్‌కంఠ దాకా: తొమ్మిదేళ్ల తర్వాత నా బ్యాగులో మిగిలినవి

ట్రెక్కింగ్ సామాను మీద రివ్యూలు చదివిన కొద్దీ నాకొక అనుమానం బలపడుతోంది. ఇవి రాసేవాళ్లకు అసలు చెమట పట్టదేమో. ఒంటి మీద మూడు పొరల బట్టలట, లోపల ఉన్నిదట, పైన గాలి దూరనిదట. ఏప్రిల్ ఎండలో నల్లమల లోయలోకి దిగి మళ్లీ ఎక్కేవాడికి ఇందులో ఏది పనికొస్తుంది? మొదటి మూడేళ్లు నేనూ ఆ జాబితాలే పట్టుకుని కొన్నాను. సగం అటకెక్కింది, కొంత పాత సామాన్ల యాప్‌లో సగం ధరకు పోయింది, ఒక జాకెట్ మా తమ్ముడు బైక్ మీద ఆఫీసుకి వేసుకెళ్తున్నాడు. ఉండేది హైదరాబాద్‌లో. ఏడాదికి నాలుగైదు సార్లు దగ్గర్లో ఉన్న అడవులు, కొండలు, కుదిరితే ఒకసారి హిమాలయాలు. ఇన్నేళ్ల తర్వాత బ్యాగులోంచి నేను తీసి పారేయనివి ఏవో, ఎందుకో రాస్తున్నాను. ఎవరూ నాకు ఏదీ ఉచితంగా ఇవ్వలేదు, ఇచ్చినా ఇదే రాస్తాను.

ముందు బూట్లు, ఎందుకంటే నాకు బాగా బుద్ధొచ్చింది అక్కడే. నా మొదటి ట్రెక్కింగ్ బూట్లు చీలమండ పైదాకా వచ్చే ఖరీదైన రకం. రెండు ట్రిప్పులు వేసుకుని, పాడైపోతాయేమో అని ముద్దుగా పెట్టెలో పెట్టి అటక మీద దాచాను. నాలుగేళ్లు. తర్వాత వాటిని కర్ణాటకలో కుమార పర్వతానికి తీసుకెళ్లాను. ఎత్తు 1,712 మీటర్లే గానీ కుక్కే సుబ్రహ్మణ్య నుంచి ఎక్కితే ఆ ఎక్కుడు ఎక్కడా తెరిపి ఇవ్వదు. పైకి బానే ఎక్కాను. దిగేటప్పుడు కుడికాలి కింద ఏదో టపటప కొట్టుకుంటోంది, చూస్తే సోల్ సగం ఊడి వేలాడుతోంది. పదినిమిషాల్లో రెండోదీ అంతే. చేత్తో నలిపితే పాతబడిన బిస్కెట్‌లా పొడి అయిపోయింది. తువ్వాలు చింపి పీలికలతో కట్టుకుని, కుంటుకుంటూ, గిరిగద్దెలో ట్రెక్కర్లకు భోజనం పెట్టే భట్టర మనె అనే ఇంటి దాకా వచ్చి, అక్కడ వేడి అన్నం సాంబారు తిన్నాక గానీ నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత తెలిసింది, ఇది ఆ ఒక్క జత ఖర్మ కాదట. చాలా ట్రెక్కింగ్ బూట్లలో మెత్తదనం కోసం సోల్ లోపల పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ నురుగు వాడతారు. గాలిలో తేమ దాన్ని మెల్లగా విరగ్గొడుతుంది, వేసుకున్నా వేసుకోకపోయినా. వేసుకోకుండా మూసి పెట్టెలో పెడితే ఇంకా అన్యాయం. అందుకే ఇప్పుడు నాకు రెండు నియమాలు. బూట్లు దాచను, కూరగాయలకు కూడా అవే వేసుకుని పోతాను. బయల్దేరే ముందు రోజు సోల్ పట్టుకుని గట్టిగా వంచి చూస్తాను.

ఇప్పుడు వాడేది క్వెచువా వాళ్ల తక్కువ ఎత్తు రకం, చీలమండ కిందకే ఉంటుంది, డెకాథ్లాన్‌లో కొన్నాను, ఇది మూడో జత. వాటర్‌ప్రూఫ్ కానిదే తీసుకున్నాను, అదీ కావాలనే. నాగలాపురం లాంటి చోట రోజంతా మడుగులు, వాగులు దాటుతూనే ఉంటాం, నీళ్లు పైనుంచి లోపలికి ఎలాగూ పోతాయి. వాటర్‌ప్రూఫ్ బూటైతే అవి ఇక బయటికి రావు, కాళ్లకి రెండు బకెట్లు తగిలించుకున్నట్టు ఉంటుంది. మామూలు జాలీ బూటు అరగంట నడిస్తే పిండేసుకుంటుంది. మంచులోకి వెళ్లేటప్పుడు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ వాటర్‌ప్రూఫే వేసుకోవాలి, వాదన లేదు.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, పొద్దంతా తిరిగిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. నడిచేటప్పుడు వేసుకునే మందం సాక్సే వేసుకుని చూడండి. షాపులో వాలు చెక్క ఉంటే దాని మీద కిందికి దిగి చూడండి, వేళ్లు ముందుకి కొట్టుకుంటే ఆ సైజు వద్దు. "వాడితే సాగుతాయి సార్" అని సేల్స్‌మన్ అంటాడు. సాగేలోపు మీ బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోతుంది, నాది ఊడింది.

బ్యాగు సంగతికొస్తే, లీటర్లు చూసి కొనకండి, నడుము బెల్టు చూసి కొనండి. బరువంతా తుంటి ఎముకల మీద కూర్చోవాలి, భుజం పట్టీలు బ్యాగు వెనక్కి పడిపోకుండా పట్టుకోవడానికి మాత్రమే. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైభాగం ఎంత ఎత్తులో ఉందో అక్కడిదాకా టేపుతో కొలిపించుకోండి, అదీ మీ వీపు పొడవు. నేను ఆరడుగుల మనిషిని అని పెద్దది కొన్నాను, తీరా నా పొడవంతా కాళ్లలోనే ఉందట, బెల్టు తొడల మీదికి జారేది. ఇప్పటిది 50 లీటర్ల ఫోర్‌క్లాజ్, అదీ డెకాథ్లాన్ వాళ్లదే, వీపు పొడవు సర్దుకోవచ్చు. వంక పెట్టాలంటే పక్క జేబులు, బాటిల్ తీసుకోవాలంటే చెయ్యి యోగాసనం వెయ్యాలి, పక్కనున్నవాణ్ణి అడిగి తీయించుకుంటాను. రెయిన్ కవరుని మాత్రం నమ్మకండి, వీపు వైపు నుంచి కారే నీటిని ఏ కవరూ ఆపదు. పెద్ద సైజు మందపాటి చెత్త కవరు ఒకటి బ్యాగు లోపల పరిచి, బట్టలన్నీ అందులో వేసి మూతి మెలిపెట్టి కట్టేస్తే చాలు. పదిహేను రూపాయలు, నా మొత్తం సామానులో ఇంత పైసా వసూల్ వస్తువు ఇంకోటి లేదు.

నీళ్ల గురించి నేను కొంచెం అతిగా మాట్లాడతానని ఇంట్లో అంటారు. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం వెళ్లినవాళ్లెవరైనా నా పక్షానే ఉంటారు. ఏడాదిలో ఆ కొద్ది రోజులే లోపలికి వదులుతారు, అదీ ఎండలు ముదిరే ఏప్రిల్లో. బండ్లు ఆగిన చోటు నుంచి రాళ్ల దారి, పక్కనే లోయ, కింద చల్లగా జలపాతం, లింగమయ్య, పూజారులుగా చెంచులు. దిగేటప్పుడు భక్తితో గడిచిపోతుంది, ఎక్కేటప్పుడు గొంతు పిడచకట్టుకుపోతుంది. మనిషికి నాలుగు లీటర్లు పెట్టుకోమంటాను, నవ్వుతారు, మధ్యాహ్నం రెండింటికి నా దగ్గరికే వస్తారు.

దీనికోసం ముందు గొట్టంతో పీల్చే నీళ్ల సంచి కొన్నాను, బ్లాడర్ అంటారు. చూడ్డానికి సైనికుడిలా ఉంటాం, నిజమే. కానీ వీపు మీద ఉన్న సంచిలో ఎంత మిగిలిందో తెలియదు, ఒక్కసారిగా గుర్రుమని గాలి వస్తుంది, అంతే. పైగా ఒకసారి ఓఆర్ఎస్ కలిపి, ఇంటికొచ్చాక కడగడం మర్చిపోయాను, పదిరోజుల తర్వాత గొట్టం లోపల నల్లటి బూజు. దాన్ని శుభ్రం చెయ్యడానికి సరిపడా సన్నటి బ్రష్షు దొరక్క సంచితో సహా పారేశాను. ఇప్పుడు ఒక్కో లీటరు పట్టే స్టీలు బాటిళ్లు రెండు, రెండు లీటర్ల మడతపెట్టే సంచి ఒకటి. స్టీలు బరువే, కానీ సలేశ్వరం ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, లోపలికి ప్లాస్టిక్ బాటిళ్లు మోసుకెళ్లి పడేసేవాళ్లని చూసి చూసి నాకే విరక్తి పుట్టింది.

డాలస్‌లో ఉండే మా బావమరిది వస్తూ వస్తూ సాయర్ స్క్వీజ్ ఫిల్టర్ తెచ్చాడు. వేలెడంత ఉంటుంది, లోపల సన్నటి గొట్టాల కట్ట, 0.1 మైక్రాన్ రంధ్రాలు. వాగునీళ్లు సంచిలో పట్టి పిండితే అవతల నుంచి తేటగా వస్తాయి, బ్యాక్టీరియాను ఆపుతుంది. వైరస్‌లు ఆ రంధ్రాల కన్నా చిన్నవి, వాటిని ఆపదు, అందుకే వాగుకి ఎగువన ఊరేదైనా ఉందనిపిస్తే క్లోరిన్ బిళ్ల కూడా వేస్తాను. ఇంకో ముఖ్యమైన సంగతి, తడిసిన ఫిల్టర్ గడ్డకట్టకూడదు, లోపలి గొట్టాలు పగిలిపోతాయి, పగిలినట్టు బయటికి కనపడదు కూడా. హిమాలయాల్లోని కేదార్‌కంఠలో దాన్ని సాక్సులో చుట్టి స్లీపింగ్ బ్యాగులో నాతోపాటు పడుకోబెట్టుకున్నాను, గుడారంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు, ఏ రివ్యూలోనూ కనపడనిది, గొడుగు. మామూలు నల్ల గొడుగు, మా నాన్నది. రెయిన్ జాకెట్లు రెండు రకాలు వాడాను. బయటి వాన ఆపుతాయి, నిజమే, కానీ మన ఉక్కపోతలో గంట ఎక్కేసరికి లోపల చెమటతో తడిసిపోతాం, ఇంతా చేసి ఫలితం ఒకటే. గాలి ఆడే జాకెట్లని రాస్తారు గానీ, బయట గాలే తేమతో నిండి ఉంటే లోపలి ఆవిరి ఎక్కడికి పోతుంది? గొడుగుకి ఆ బాధ లేదు. ఎండకి నీడ, వానకి అడ్డు, దిగేటప్పుడు ముడిస్తే చేతికర్ర, కోతుల దగ్గర గౌరవం. తిరుమలలో పాపవినాశనం దాటి తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి జనంతో నడిచినప్పుడు నా ముందు ఒక పెద్దావిడ చెప్పుల్లేకుండా, చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచితో వెళ్తోంది. నేను వీపు మీద తొమ్మిది కిలోలు వేసుకుని ఆవిడ వెనక రొప్పుతున్నాను. "ఏం బాబూ, ఇల్లు ఖాళీ చేసొచ్చావా?" అంది. ఆ రోజు నుంచే బరువు తగ్గించడం మొదలుపెట్టాను. గాలి బాగా వీచే శిఖరాల మీద, దట్టమైన ముళ్లపొదల్లో గొడుగు పనిచెయ్యదు, అక్కడ తల మీంచి తొడుక్కునే వాన ముసుగు, పాంచో.

బట్టలు త్వరగా చెప్పేస్తాను. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. కాటన్ ప్రాణాంతకం అని అంటారు, చలి ప్రదేశంలో ఆ మాట నిజం, మన వేసవిలో పల్చటి కాటన్ పొడుగు చేతుల చొక్కా తడిసి ఒంటిని చల్లబరుస్తుంది. చేతులు పొట్టివి వేసుకుంటే రేగు ముళ్లు లెక్క చూసుకుంటాయి. ఒక లుంగీ తప్పనిసరి. బట్టలు మార్చుకోవడానికి, పరుచుకోవడానికి, కప్పుకోవడానికి, ఇన్ని పనులు చేసే వస్తువు ఆ బరువులో మరోటి చూపించండి.

కేదార్‌కంఠ అన్నాను కదా, ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి ఎక్కుతారు, శిఖరం 12,500 అడుగులు, శీతాకాలమంతా మంచే. దీనికోసం ఉన్నదంతా కొనక్కర్లేదు. బరువైన జాకెట్, బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకి చుట్టుకునే గైటర్లు, బూట్ల కింద తొడిగే మైక్రోస్పైక్‌లు సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి, మూడేళ్లకోసారి వెళ్లేవాళ్లకి అదే నయం. స్లీపింగ్ బ్యాగు మాత్రం కొనుక్కున్నాను, పరాయివాళ్ల చెమట వాసనలో నిద్ర పట్టక. దాని మీద రాసిన అంకె దగ్గరే అందరూ మోసపోతారు, నేనూ పోయాను. మైనస్ 5 అని పెద్ద అక్షరాలతో ఉంటే మైనస్ 5లో హాయిగా పడుకోవచ్చనుకున్నాను. లోపల చిన్న చీటీలో రెండు అంకెలుంటాయి, కంఫర్ట్, లిమిట్. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ చలి అనిపించకుండా పడుకోగలిగేది, లిమిట్ అంటే సగటు మగాడు ముడుచుకుని ఎలాగోలా రాత్రి గడిపేది. పెద్ద అక్షరాల్లో ఏది వేశారో చూసుకోండి. నా బ్యాగు మీద ఉన్నది లిమిట్. ఆ రాత్రి నేను ముడుచుకున్న సగటు మగాణ్ణి. మరో తప్పు, కింద పరుచుకునే చాప పల్చటిది తీసుకెళ్లడం. ఒంటి కింద నలిగిన దూది వేడిని ఆపలేదు, నేల లాగేస్తూనే ఉంటుంది. ఇప్పుడు రెండు ఫోమ్ చాపలు ఒకదాని మీద ఒకటి వేస్తాను, అదే పాత బ్యాగు, తేడా నాకైతే బాగా తెలిసింది.

పొడవు తగ్గించి పెంచుకునే నడక కర్రలు రెండు ఉన్నాయి, ఒకటి చాలు అనుకునేవాణ్ణి, మోకాలు నలభై దాటాక రెండోది తెప్పించింది. తిప్పి బిగించే రకం వద్దు, మట్టి చేరితే బరువు ఆనించినప్పుడే జారిపోతుంది, బయట మీట ఉండే రకం తీసుకోండి. విమానంలో వెళ్తే చెక్-ఇన్ బ్యాగులోనే వెయ్యండి, నేను చేతిలో పట్టుకెళ్తే సెక్యూరిటీ దగ్గర ఆపి వెనక్కి పంపారు, పరిగెత్తి మళ్లీ చెక్-ఇన్ చేసుకొచ్చేసరికి గేటు మూసే టైం. పవర్ బ్యాంకుది దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. గ్యాస్ డబ్బా ఎందులోనూ ఎక్కనివ్వరు, దిగిన ఊళ్లో కొనుక్కోవాలి.

హెడ్‌ల్యాంపులో ల్యూమెన్ల (వెలుగు కొలత) పోటీ పట్టించుకోకండి, 200 ఉంటే రాత్రి నడకకి బాగా సరిపోతుంది. బటన్ లాక్ అయ్యేదా కాదా అన్నది చూడండి. నాది బ్యాగులో దానంతట అదే వెలిగి, తెల్లవారుజామున మూడింటికి శిఖరానికి బయల్దేరే వేళకి చచ్చి ఉంది. ఇప్పుడు ఒక బ్యాటరీ తిరగేసి పెడతాను, లాక్ కన్నా నమ్మకం.

మిగతావి ఒక చిన్న డబ్బాలో పడతాయి: పొక్కు లేవకముందే, మంట మొదలవగానే అంటించడానికి లూకోప్లాస్ట్ టేపు, గోనె కుట్టే సూది, నైలాన్ దారం, జలగలకి మూట కట్టిన ఉప్పు, నాలుగడుగుల బైండింగ్ వైరు. ఆ వైరు కుమార పర్వతం తర్వాత చేరింది, సోల్ కోసం. ఇంతవరకు దాని అవసరం రాలేదు. కానీ పోయిన నెల నాన్న గొడుగు కమాను పుల్ల ఒకటి విరిగితే అందులోంచే ముక్క తీసి కట్టాను, చైత్ర పౌర్ణమికి ఇంకా టైం ఉంది, ఈలోపు కోఠీ వైపు వెళ్తే గొడుగులు బాగుచేసే ఆయన ఉన్నాడేమో చూడాలి.