వాన కురిసిన రాతిబాటలు: ఫ్లాండర్స్ నుంచి రూబే దాకా

బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ దాదాపు 270 కిలోమీటర్ల సైకిలు పందెం. ఆరు గంటలకు పైగా సాగుతుంది. దారి పక్కన నిలబడ్డ మనిషికి అందులో కనిపించేది కొన్ని నిమిషాలే. కాబట్టి ఎక్కడ నిలబడాలన్నదే ఈ యాత్రలో అసలు ప్రశ్న. హోటలు, రైలు, తిండి అన్నీ దాని తర్వాతే. 2024 మార్చి 31న ఫ్లాండర్స్, వారం తిరగ్గానే ఏప్రిల్ 7న ఫ్రాన్స్‌లో పారిస్–రూబే పందెం చూశాక నాకు తేలింది ఇది: సైకిళ్ళు నెమ్మదించే చోటు వెతుక్కోవాలి. అందులోనూ వాన పడిన రోజున ఫ్లాండర్స్ దారిలోని కోపెన్‌బర్గ్ కొండకు సాటి వచ్చే చోటు నాకు కనిపించలేదు.

ముందు బస సంగతి. ఫ్లాండర్స్ పందెం 2012 నుంచి ఔడెనార్డె అనే చిన్న ఊళ్ళో ముగుస్తోంది. ఆ వారాంతం ఆ ఊళ్ళో గది దొరకడం ఒక ఎత్తు, దొరికిన గదికి వాళ్ళు చెప్పే అద్దె మరో ఎత్తు. నేను వాకబు చేసిన ఒక హోటలు మామూలు రోజుల ధరకు దాదాపు మూడింతలు అడిగింది, అదీ మూడు రాత్రులు తప్పనిసరిగా ఉండాలన్న షరతుతో. గెంట్ నగరంలో దిగడమే తెలివైన పని. అక్కడి సెయింట్ పీటర్స్ స్టేషన్ నుంచి ఔడెనార్డెకు రైల్లో అరగంట పైచిలుకు. నేనూ, లూవెన్‌లో చదువుకుంటున్న మా చెల్లెలి కొడుకూ ఆ స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక అతిథి గృహంలో దిగాం. గది ఇరుకే. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు. అయితే ఇంటావిడకు ఈ పందేల భక్తుల అవసరాలు బాగా తెలుసు. బురద బూట్లు విప్పడానికి గుమ్మం పక్కనే ప్లాస్టిక్ ట్రే పెట్టింది. తడిసిన బూట్లలో కుక్కడానికి పాత పత్రికలు కట్టగా ఇచ్చింది. ఇలాంటి యాత్రలో నాలుగు నక్షత్రాల హోటలు కంటే హీటరు బాగా పనిచేసే గది మేలు.

ఆ ఆదివారం మరో చిక్కు ఉంది. అది ఈస్టర్ పండగ. పైగా ఐరోపాలో చాలా దేశాల్లో గడియారాలు ఒక గంట ముందుకు జరిగే రోజు కూడా అదే. అంటే నిద్రలో గంట తగ్గింది, దుకాణాలు మూతపడ్డాయి, రైళ్ళు ఆదివారం పట్టిక ప్రకారం నడిచాయి. రొట్టె, పండ్లు, నీళ్ళు శనివారమే కొనిపెట్టుకున్నాం. ఉదయం రైల్లో సీటు మాట దేవుడెరుగు, కాలు పెట్టే చోటుకే వెతుక్కోవాలి. పసుపు మీద నల్ల సింహం ఉన్న ఫ్లాండర్స్ జెండాలు పెట్టె నిండా. అయినా కసురుకున్నవాళ్ళు లేరు, తోసుకున్నవాళ్ళు లేరు. రైల్వే వారికి ఈ విషయంలో మంచి మార్కులే వేస్తాను.

శనివారం క్వారెమోంట్ కొండ చూసి వచ్చాం. పందేనికి ముందు రోజు మామూలు జనం వేల సంఖ్యలో అదే దారుల్లో సైకిలు తొక్కుతారు, అదొక తిరునాళ్ళ. పాత క్వారెమోంట్ ఎక్కుడు 2200 మీటర్లు, అందులో 1500 మీటర్లు రాళ్ళు పరిచిన బాట. పురుషుల పందెం దీన్ని మూడుసార్లు ఎక్కుతుంది కాబట్టి ప్రకటనలన్నీ అక్కడికే రమ్మంటాయి. పెద్ద తెర, బీరు గుడారాలు, మరుగుదొడ్లు అన్నీ ఉన్నాయి. కానీ మంచి చోట్లు చాలావరకు డబ్బు కట్టిన అతిథుల గుడారాలకు పోయాయి. గుడారంలో భోంచేస్తూ పందెం చూసే తాహతు, ఇష్టం ఉన్నవారికి సరే. నాకు మాత్రం పెళ్ళి విడిదిలో పరాయివాణ్ణి అన్నట్టే అనిపించింది. పక్కనే ఉన్న పాటర్‌బర్గ్ అంతకంటే నచ్చింది. ఒక రైతు తన ఇంటి మీదుగా పందెం వెళ్ళాలన్న కోరికతో ఆ బాటకు రాళ్ళు పరిపించాడని చెబుతారు. 1986లో పందెంలో చేరింది. 360 మీటర్లే గానీ ఒకచోట వాలు 20 శాతం దాటుతుంది. పచ్చిక గట్టు మీద కూర్చుంటే కింది నుంచి పై దాకా కనిపిస్తుంది. పిల్లలతో వెళ్ళేవారికి నా ఓటు పాటర్‌బర్గ్‌కే.

పందెం నాడు మేం ఎంచుకున్నది కోపెన్‌బర్గ్. ఔడెనార్డె స్టేషన్ నుంచి ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. రోడ్లు మూసేస్తారు కాబట్టి నడకే. మా వాడు రెండో కిలోమీటరుకే “మామయ్యా, ఇంత దూరం వచ్చి నిమిషం సేపు చూడటానికా?” అన్నాడు. మధ్యాహ్నానికి తుంపర మొదలైంది, ఆగింది, మళ్ళీ జల్లుగా దిగింది. చుట్టూ దుక్కి దున్నిన చేలు. ట్రాక్టర్ల చక్రాలకు అంటుకుని బాట మీదికి వచ్చిన మట్టి, ఆ జల్లుకు జిగటగా మారింది.

కోపెన్‌బర్గ్ పొడవు 600 మీటర్లు. సగటు వాలు పదకొండు శాతం పైన, నిటారుగా ఉన్నచోట 22 శాతం. రెండు పక్కలా ఎత్తయిన గట్లు, పైన కమ్ముకున్న చెట్లు. ఎండ రాళ్ళ మీద పడదు, పడిన నీరు త్వరగా ఆరదు. రాళ్ళు బోర్లించిన కొబ్బరి చిప్పల్లా ఉబ్బెత్తుగా ఉంటాయి. టైరు రాయి నెత్తిన మాత్రమే ఆనుతుంది, ఆ కాస్త చోటా బురద పూత. బాట ఇరుకు. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన వెళ్ళగలిగితే గొప్ప.

ఇక్కడ పందెం ఎలా తారుమారవుతుందో అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. సైకిలు వాలు ఎక్కాలంటే సీటు మీంచి లేచి తొక్కబుద్ధి అవుతుంది. లేస్తే వెనక చక్రం మీద బరువు తగ్గి, అది పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. కూర్చుని తొక్కితే పట్టు నిలుస్తుంది గానీ ముందు చక్రం పైకి లేవజూస్తుంది. రెంటికీ మధ్య సన్నటి దారి ఏదో ఉంది, అది పట్టినవాడే పైకి వెళ్తాడు. ఒకడు ఆగాడంటే వెనకవాడికీ దారి లేదు. ఆగినవాడు ఆ వాలులో మళ్ళీ బయల్దేరలేడు. బూటు అడుగున ఉన్న బిగింపును పెడలుకు తగిలించే లోపే సైకిలు వెనక్కి జారుతుంది. ఇక భుజాన వేసుకునో, నెట్టుకుంటూనో నడవాల్సిందే. ఆ బూట్లతో తడి రాళ్ళ మీద నడక కూడా జారుడే.

హెలికాప్టర్ మోత దగ్గరైంది. ముందు మోటారు సైకిళ్ళు, తర్వాత ఇంద్రధనుస్సు చారల జెర్సీలో మాత్యూ వాండర్ పూల్. ఆ ఏడు ప్రపంచ విజేత ధరించే జెర్సీ అది. అతను సీటు దిగకుండా, భుజాలు పెద్దగా కదలకుండా, ఒకే లయలో మా ముందు నుంచి వెళ్ళిపోయాడు. వెనక వచ్చినవారిలో మాటియో జోర్గెన్సన్ లాంటి ఒకరిద్దరు తప్ప, ఒక్కొక్కరే జారి, ఆగి, దిగారు. ప్రపంచంలో అత్యుత్తమ సైకిలిస్టులు మా ముందు నుంచి కాలినడకన, సైకిళ్ళు నెట్టుకుంటూ పోయారు. ఒకరి ముఖం మీద బురద మధ్య కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మా వాడు నోరు తెరుచుకుని, నవ్వకుండా, అలా చూస్తూ ఉండిపోయాడు. వాండర్ పూల్ అక్కడి నుంచి గమ్యం దాకా దాదాపు 45 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచాడు. ఈ పందెంలో అతనికది మూడో గెలుపు. 1986లో వాళ్ళ నాన్న ఆద్రీ కూడా దీన్ని గెలిచాడు. అతని ప్రధాన ప్రత్యర్థి వౌట్ వాన్ ఆర్ట్ నాలుగు రోజుల ముందు మరో పందెంలో పడి ఎముకలు విరగ్గొట్టుకున్నాడు గనుక బరిలో లేడు. ఉంటే కథ మారేదా అని రైల్లో వాదోపవాదాలు. ఆ వాలు మీద ఆ రోజు మారేది కాదనే నా అభిప్రాయం.

చాలామంది పురుషుల పందెం వెళ్ళగానే కొండ దిగిపోయారు. ఉండండి. కాసేపటికి అదే బాటలో మహిళలు వస్తారు. వాన ఇంకా పెరిగింది, అక్కడా చాలామంది దిగి నడిచారు. జనం పలచబడటంతో గట్టు అంచున నిలబడి, ఊపిరి తీసే శబ్దం వినపడేంత దగ్గరగా చూశాం. చివరికి ఎలిసా లోంగో బోర్గినీ గెలిచింది. 2015లో ఒకసారి గెలిచిన ఆమెకు అది రెండోది. టికెట్టు లేకుండా ఒకే చోట రెండు పందేలు, రెండోది ఖాళీగా. ఇంతకంటే గిట్టుబాటు బేరం ఐరోపాలో నాకు దొరకలేదు.

కోపెన్‌బర్గ్‌లో లేనివి కూడా చెప్పాలి. పెద్ద తెర మాకు దగ్గరలో కనిపించలేదు. ఫోను సంకేతం జనం ఒత్తిడికి చచ్చుబడింది. మరుగుదొడ్ల వరస పొడవు. మూడు నాలుగు గంటలు తడుస్తూ నిలబడే ఓపిక లేని పెద్దవారు ఔడెనార్డె కూడలిలో తెర ముందు కూర్చుని, చివర్లో గమ్యం దగ్గరికి నడిస్తే హాయి. “మూడు చోట్ల పందెం చూపిస్తాం” అంటూ ఒక సంస్థ చిన్న బస్సు యాత్ర అమ్మింది. మా అతిథి గృహంలో దిగిన దంపతులు అందులో వెళ్ళారు. మూసిన రోడ్ల పుణ్యాన వారికి దక్కింది ఒకటిన్నర చోట్లు. ఆ డబ్బుతో మంచి వాన కోటు, నీరు దిగని బూట్లు కొనుక్కోవచ్చు.

మర్నాడు ఔడెనార్డెలోని టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ మ్యూజియానికి వెళ్ళాం. చూడదగ్గది, కాకపోతే కోపెన్‌బర్గ్ ఎక్కినవాడికే దాని రుచి. ఆ కొండ 1976లో పందెంలో చేరింది. ఆ మరుసటి ఏడే ఫ్రెడ్డీ మార్టెన్స్ అక్కడ నిబంధనలకు విరుద్ధంగా సైకిలు మార్చుకుని అనర్హుడయ్యాడు. 1987లో డెన్మార్క్ వాడు యెస్పర్ స్కిబీ వాలులో పడిపోతే, వెనక వస్తున్న అధికారుల కారు అతని సైకిలు మీదుగా పోయింది. ఆ దెబ్బకు 2002 దాకా కోపెన్‌బర్గ్‌ను పందెంలోంచి తీసేశారు. గాలివానలో జరిగిన 1985 పందేన్ని 24 మంది మాత్రమే పూర్తి చేశారు. ఇవన్నీ ముందే చదివి ఉన్నాను గానీ, బూట్లు ఇంకా ఆరని స్థితిలో చూస్తే వేరుగా ఉంటుంది.

శాకాహారులకు ఒక హెచ్చరిక, ఒక శుభవార్త. బెల్జియం వీధుల్లో దొరికే బంగాళాదుంప వేపుళ్ళను చాలాచోట్ల పశువుల కొవ్వులో వేయిస్తారు. అడిగి కొనండి, అడిగితే విసుక్కోరు. ఇక గెంట్ నగరం 2009 నుంచి గురువారాలను శాకాహార దినంగా ప్రోత్సహిస్తోంది. ఆ ప్రభావం మిగతా రోజుల్లోనూ కనిపిస్తుంది. మాంసం లేని వేడి సూపు, పప్పుల కూర ఎక్కడ పడితే అక్కడ దొరికాయి. గెరార్డ్స్‌బెర్గెన్ అనే ఊరు వెళ్ళితే విరిగిన పాలతో చేసే మాటెన్‌టార్ట్ తినకుండా రాకండి. గుడ్డు, బాదం ఉంటాయి.

తర్వాతి వారం రూబే. గెంట్ నుంచి కోర్ట్రైక్ మీదుగా ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి రైలుంది. లీల్‌లో బస, అక్కడి నుంచి డ్రైవరు లేని మెట్రోలో రూబే. ఇది సుఖమైన ఏర్పాటు. లీల్‌లో హోటళ్ళు ఎక్కువ గనుక ధరలు ఔడెనార్డె అంత మండవు. మా గదికి కిటికీ ఉన్నది గోడ వైపు, ఆ ధరకు ఫిర్యాదు చేయను.

పారిస్–రూబే మొదలైంది 1896లో. ఇప్పుడు పారిస్‌లో కాదు, దానికి ఉత్తరాన ఉన్న కాంపియేన్‌లో బయల్దేరుతుంది. సుమారు 55 కిలోమీటర్ల మేర రాతిబాట, ముక్కలు ముక్కలుగా. నేను వాన కోసం మొక్కుకున్నాను. 2002 తర్వాత ఈ పందేనికి సిసలైన బురద మళ్ళీ 2021 అక్టోబరులోనే దక్కింది. మహమ్మారి వల్ల వాయిదా పడిన ఆ పందెంలో సోనీ కోల్‌బ్రెల్లి గెలిచాడు, దానికి ముందు రోజు జరిగిన తొలి మహిళల రూబేలో లిజీ డైగ్నన్ గెలిచింది. మాకు ఆ భాగ్యం లేదు. పోటీ నాటికి బాట చాలావరకు ఆరిపోయింది. ఫలితం, గంటకు దాదాపు 47.8 కిలోమీటర్ల సగటుతో అప్పటికి ఆ పందెం చరిత్రలోనే అతి వేగం. మళ్ళీ వాండర్ పూల్, మళ్ళీ ఒంటరిగా.

పేరుమోసిన ఆరెన్‌బర్గ్ అడవి బాటను మేం పందెం నాడు కాక, ముందే వెళ్ళి నడిచాం. అదే మంచిది. తిన్నగా రెండు కిలోమీటర్లకు పైగా అడవిలోకి దూసుకుపోయే రాళ్ళ వరస. పక్కనే మూతపడిన బొగ్గు గని ఇనుప గోపురాలు. ఆ గనిలో పనిచేసిన సైకిలిస్టు జాన్ స్తాబ్లిన్‌స్కీ సూచనతోనే 1968లో ఈ బాట పందెంలోకి వచ్చింది. 1998లో యోహాన్ మ్యూసీయు ఇక్కడే పడి మోకాలి చిప్ప పగలగొట్టుకుని, కాలు తీసేయాల్సినంత దాకా వెళ్ళాడు. 2000లో మళ్ళీ వచ్చి గెలిచాడు. పందెం నాడు అయితే అక్కడ కంచె వెనక నిలబడాలి, వాళ్ళు బాణాల్లా పోతారు. ముఖం కూడా పోల్చుకోలేం. అంత దూరం బస్సు పట్టుకుని వెళ్ళి ఆ క్షణం కోసం రోజంతా కాపు కాయడం నాకు నష్టమే అనిపిస్తుంది, బురద ఉంటే తప్ప.

రూబేలో నిలబడాల్సింది వెలోడ్రోములో, అంటే పందెం ముగిసే సైకిలు మైదానంలో. ప్రవేశం ఉచితం. తెర మీద పందెమంతా చూసి, ఆఖరి చుట్లు కళ్ళెదుట చూడొచ్చు. శనివారం మహిళల పందెం ఇంకా బాగుంది. చిన్న గుంపుగా లోపలికి వచ్చి స్ప్రింటులో, అంటే గీత ముందరి ఆఖరి వేగపు పోటీలో, తేల్చుకున్నారు, లోటె కోపెకీ గెలిచింది. ఆదివారం జనం బాగా ఎక్కువ కాబట్టి మధ్యాహ్నానికల్లా చేరాలి. పాత విజేతల పేర్లతో ఇత్తడి పలకలున్న స్నానపు గదులు మైదానం పక్కనే ఉన్నాయి. తలుపుల్లేని సిమెంటు అరలు, సినిమాల్లో హాస్టలు స్నానాల గదుల్ని గుర్తుకు తెస్తాయి. తిండి దుకాణాలు తక్కువ, ధర ఎక్కువ, శాకాహారం దాదాపు శూన్యం. మధ్యలో ఖాళీ ఉంటే పాత ఈతకొలనును మార్చి కట్టిన లా పిసీన్ మ్యూజియం చూడండి. పందెం చూడని ఇంటివారిని అక్కడ వదిలిపెట్టి మీరు వెలోడ్రోముకు వెళ్ళొచ్చు.

తిరుగు ప్రయాణంలో మెట్రో స్టేషన్ దగ్గర పెద్ద వరస ఉంటుంది. గంటసేపు ఆగి వెళ్ళండి, లేదా రూబే–లీల్ ట్రాము పట్టండి. అది నెమ్మదిగా వెళ్తుంది, కూర్చునే చోటు మాత్రం దొరుకుతుంది.