బెజవాడలో ఓపెన్ టాప్ కారు: జెడ్4 ఎం40ఐ, కొన్నేళ్ల వాడకం తర్వాత

బీఎండబ్ల్యూ జెడ్4 తీసుకోవచ్చా అని అడిగేవాళ్లని నేను ముందు రెండు ఎదురు ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లో ఇంకో కారుందా? రాత్రి దీన్ని ఎక్కడ పెడతారు? ఈ రెండింటికీ సరైన జవాబు లేకపోతే ఇంజిన్ గురించీ రంగు గురించీ మాట్లాడుకోవడం టైమ్ వేస్టు. బెజవాడలో కన్వర్టిబుల్ (టాప్ దించుకునే కారు) అంటే ఏడాదికి మూడు నెలల సంబరం, తొమ్మిది నెలల కాపలా. ఆ మూడు నెలలూ ఎలా ఉంటాయో రుచి చూశాను కాబట్టే నా కారు ఇంకా అమ్మలేదు.

ముందు కారు సంగతి. నాది బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2998 సీసీ, ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 340 హార్స్‌పవర్, 8 గేర్ల ఆటోమేటిక్. సున్నా నుంచి వంద 4.5 సెకన్లు. ఇది ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊళ్లో మాగ్నా స్టయర్ ఫ్యాక్టరీలో తయారైన కారు. టయోటా సుప్రా కూడా అక్కడి నుంచి వచ్చిందే, అందులోనూ ఈ ఇంజినే పెట్టారు. మన దగ్గర దీన్ని 2019లో 78.90 లక్షలకి దింపారు, 2023లో కొత్త రూపం వచ్చేసరికి 89.30 లక్షలైంది, అదీ ఎక్స్ షోరూమ్. పూర్తిగా తయారై ఓడెక్కి వచ్చే ఇలాంటి ఖరీదైన కార్ల మీద అప్పట్లో కస్టమ్స్ సుంకమే వంద శాతం ఉండేది, దాని మీద జీఎస్టీ, ఆపైన ఆర్టీవో ఆఫీసులో లైఫ్ టాక్స్. మనం ఇచ్చే డబ్బులో సగానికి పైగా కారులోకి కాదు, ఖజానాలోకి పోయేది. కొత్తది కొనాలన్న ఆలోచన నాకు అక్కడే చల్లారింది.

స్పీడ్ కోసమే కొనేటట్టయితే వద్దు. నేషనల్ హైవే మీద కార్లకి వంద దాటకూడదు. ఈ కారు అయిదు సెకన్లలోపే అక్కడికి వచ్చేస్తుంది. మంగళగిరి దాటి కాజ టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ గేటు లేచాక కాలు కిందికి నొక్కితే ఆ సైలెన్సర్ సౌండుకి ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. కానీ ఆ పులకరింత అయిదు సెకన్లే, ఆ తర్వాత ముందు లారీ ఉంటుంది.

దీని అసలు మజా నెమ్మదిగా పోతున్నప్పుడే. డిసెంబరులో తెల్లవారుజామున టాప్ దించి భవానీపురం వైపు నుంచి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కండి. ఎడమ పక్క ఇంద్రకీలాద్రి, కుడి పక్క కృష్ణ. మామూలు కారులో అద్దంలోంచి ఒక ముక్క కనిపించే కొండ, ఇందులో మెడ ఎత్తితే శిఖరం దాకా కనిపిస్తుంది. దీక్ష విరమణ రోజుల్లో అయితే కింద ఎర్రబట్టల భవానీలు ఇరుముళ్లు నెత్తిన పెట్టుకుని పోతుంటారు, ఆ శరణుఘోష పైదాకా వినిపిస్తుంది. ఏటి మీద నుంచి వచ్చే చలిగాలి మొహానికి కొడుతుంటే కాళ్ల దగ్గర హీటర్, వీపుకి సీట్ హీటింగ్. బెజవాడలో సీట్ హీటింగ్ దేనికని మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు చలికాలం వస్తే ముందు ఆ బటనే నొక్కుతాను.

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, అదీ పొద్దున ఎనిమిదిలోపు, లేదంటే రాత్రి తొమ్మిది దాటాక. ఈ ఊళ్లో టాప్ దించే టైమ్ అంతే. పగలు బెంజి సర్కిల్ కింద సిగ్నల్ దగ్గర ఒకసారి టాప్ దించుకుని ఆగి చూడండి. సీటు ఎంత కిందికి ఉంటుందంటే, పక్కన ఆగిన ఆర్టీసీ బస్సు చక్రం బోల్టులు మన కళ్లకి ఎదురుగా ఉంటాయి. దాని పొగ, హారన్, ఇంజిన్ వేడి అన్నీ మనకే. ఈలోపు పక్క ఆటో అతను "అన్నా, పైకప్పు ఊడిపోయిందా?" అంటాడు. ఇబ్రహీంపట్నం వైపు వెళ్లేటప్పుడు నేను అసలు తెరవను, ఆ రూట్లో బూడిద లారీలు, కంకర లారీలు పోతుంటాయి. మా అమ్మ మాట ఒక్కటి చాలు: "లక్షలు పోసి మరీ ఎండలో కూర్చుంటావేంట్రా?"

ఇక గుంటూరు దారి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని లారీలు బారులు తీరతాయి. టాప్ దించి అలాంటి లారీ వెనక పడ్డామో, ముందు గొంతులో గరగర, తర్వాత తుమ్ములు, తర్వాత కళ్లలో నీళ్లు. ఓవర్‌టేక్ చేద్దామంటే దాని ముందు ఇంకో లారీ. సరేనని టాప్ మూస్తే ఇంకా ఘోరం, అప్పటిదాకా గాలికి పోతున్న ఘాటు లోపలే ఉండిపోతుంది. అద్దాలు దించి, ఏసీని బయటి గాలి మీద పెట్టి కాసేపు నడపాల్సిందే. గుంటూరులో కాపురముండి ఇది కొనాలనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, షోరూమ్‌లో ఎవరూ చెప్పరు.

టాప్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారు మొత్తంలో మనం కాపలా కాయాల్సింది దాన్నే. ఇది గుడ్డ టాప్. కరెంటు మోటారుతో 10 సెకన్లలో తెరుచుకుంటుంది, 50 స్పీడ్‌లోపు పోతూ కూడా తెరవొచ్చు, మూయొచ్చు. చినుకులు పడితే కంగారు అక్కర్లేదు. అరవై, డెబ్బైలో పోతుంటే సన్నటి వాన మన తల మీదుగా వెనక్కి ఎగిరిపోతుంది. తడిసేది సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే. టాప్ మూసి ఉన్నప్పుడు లోపల సౌండు మామూలు కారుకన్నా కాస్త ఎక్కువ, అంతే. ఏసీ మాత్రం మే నెలలో కూడా బాగానే చల్లబరుస్తుంది, ఇద్దరు కూర్చునే జాగాయే కదా.

గుడ్డకి శత్రువులు ఎక్కువ. సెల్లార్‌లో పెడితే పిల్లులు మెత్తగా ఉందని దాని మీదే పడుకుంటాయి, లేచి ఒళ్లు విరుచుకునేటప్పుడు గోళ్లు దించుతాయి. పావురాల రెట్ట వెంటనే తుడవకపోతే మరక పట్టేస్తుంది. ఉండవల్లి గుహల దగ్గరో ఏదైనా కొండగుడి దగ్గరో కోతులు కనిపిస్తే నేను కారు ఆపను. వాటర్ వాష్ కుర్రాళ్లకి ముందే చెప్పాలి, గన్ను దగ్గరగా పెట్టి టాప్ కుట్ల మీద కొట్టొద్దని. టాప్ అంచుల వెంట వాన నీళ్లు దిగిపోయే సన్నటి దారులుంటాయి. వేపచెట్టు కింద పెట్టారంటే ఆకు, పూత పోయి వాటిలో ఇరుక్కుంటాయి. తొలకరికి ముందు అవి శుభ్రం చేయించుకోండి. ఇదంతా విని భయపడేవాళ్లు 2009 నుంచి 2016 దాకా వచ్చిన పాత జెడ్4 చూడొచ్చు. దానిది మడత పడే గట్టి అల్యూమినియం టాప్. అయితే అది తెరిస్తే డిక్కీ సగం అదే తినేస్తుంది. ఈ కొత్తదాంట్లో టాప్ ఎలా ఉన్నా డిక్కీ 281 లీటర్లే.

సెల్లార్ అన్నాను కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఏమైందో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఏరియా దాకా నీళ్లు రాలేదు గానీ, ఆ వారం నేను ఈ కారుని ఫ్లైఓవర్ మీద పెట్టేద్దామా అని చూశాను. ఇంత కిందికి ఉండే కారుకి మోకాలి లోతు నీళ్లంటే మునిగినట్టే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ తప్పకుండా కలిపించుకోండి. అది లేకపోతే ఇంజిన్‌లోకి నీళ్లెళ్లిన కేసులో మామూలు పాలసీ అక్కరకు రాదు.

మా షాపు ఆటోనగర్‌లో కాబట్టి రోడ్ల సంగతి నాకు బాగా తెలుసు. స్పీడ్ బ్రేకర్ ఎదురైతే ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించాలి. టైర్లు ముందు 255/35, వెనక 275/35, రెండూ 19 అంగుళాలు. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చడం కుదరదు. రబ్బరు పక్కగోడ ఎత్తు బాగా తక్కువ, గుంటలో పడితే బుడిపె వచ్చేస్తుంది. స్టెపినీ లేదు, గాలి కొట్టుకునే కిట్టు ఉంటుంది. పంక్చర్ షాపులో జాకీ కిందికి దూరదు. మా పక్క కుర్రాడు రెండు చెక్కపలకలు నేల మీద పరిచి, చక్రం వాటి మీదికి ఎక్కించి, ఆ సందులోంచి జాకీ తోశాడు. అప్పటి నుంచి ఆ పలకలు నా డిక్కీలోనే ఉన్నాయి.

రెండు సీట్లే అన్నది ఎప్పుడూ గుర్తొస్తూనే ఉంటుంది. పిల్లలు వంతుల కోసం కొట్టుకుంటారు, మా ఆవిడ ఒక పెళ్లికి ఇందులో వచ్చి జడ చూసుకుని మళ్లీ ఎక్కలేదు. నలుగురు కూర్చోవాలంటే మినీ కన్వర్టిబుల్ ఉంది, వెనక సీటు పిల్లలకే సరిపోతుంది. మెర్సిడెస్ వాళ్లు 2024లో దింపిన సీఎల్ఈ 300 క్యాబ్రియోలేలో పెద్దవాళ్లూ పడతారు గానీ కోటి దాటుతుంది. ఊరికే గాలి తగిలితే చాలు అనుకునేవాళ్లకి గుడ్డ టాప్ ఉన్న థార్ సెకండ్ హ్యాండ్‌ది చాలు. పొలం గట్లకీ పనికొస్తుంది, స్పీడ్ బ్రేకర్ బాధా ఉండదు.

తీసుకోవాలనే తేల్చుకుంటే, సెకండ్ హ్యాండ్‌లోనే చూడండి. ఇలాంటి కార్లు చాలావరకు తక్కువ తిరిగి ఉంటాయి. తక్కువ తిరిగిందని మురిసిపోవద్దు, నిలబడి ఉన్న కారుకి వేరే జబ్బులుంటాయి. టాప్‌ని నాలుగైదు సార్లు తెరిచి మూయించండి, మధ్యలో ఆగినా కీచుమన్నా వదిలేయండి. సీట్ల వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి, తడి వాసన ఉంటే టాప్ కారుతున్నట్టే. టైరు పక్కన తయారీ వారం, ఏడాది నాలుగు అంకెల్లో ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం. గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు ఆరేడేళ్లదైతే నాలుగు టైర్ల ఖర్చూ రేటులో తగ్గించమనండి. బయటి రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ తెప్పించుకోవడమే కాదు, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. ఆ లెక్క చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. వీలైతే బేరం మే నెలలో పెట్టుకోండి. డిసెంబరులో అమ్మేవాళ్లు రేటు దిగరు.